చంటిబిడ్డ తల్లికి అల్లిక: టైమ్ కాదు, వరస మధ్యలో వదిలేయగలిగే పని కావాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పెద్దపాపకి ఐదేళ్లు, బాబుకి తొమ్మిది నెలలు. కాలేజీ రోజుల నుంచీ అల్లుతున్నారు. మీకోసం మొదలుపెట్టిన జడల డిజైన్ స్వెట్టర్ వెనక భాగం దగ్గరే నెలల తరబడి ఆగిపోయింది. టైమ్ ఎలా చేసుకోవాలి, పిల్లలకి ఏం అల్లితే వాడకంలోకి వస్తుంది, పాకే పిల్లాడున్న ఇంట్లో సూదులు ఎలా దాచాలి, పాప నేర్పమంటోంది, నేర్పొచ్చా అని అడిగారు. చివర్లో, "సూదులు పట్టుకున్నప్పుడల్లా పిల్లల్ని గాలికొదిలేశానేమో అనిపిస్తుంది" అని కూడా రాశారు.

ఇద్దరు పిల్లల్ని పెంచుతూనే అల్లినదాన్ని, ఇప్పుడు కొత్త తల్లులకి నేర్పుతున్నదాన్ని. కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. మీకు టైమ్ లేదు, ఇంకో ఏడాదిన్నర దాకా దొరకదు కూడా. పొద్దున్నే అందరికంటే ముందు లేచి అల్లుకోండి అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. ఆ టైమ్‌లో నిద్రపోండి. మీకు ఉన్నవి ముక్కలు: బాబు నేల మీద ఆడుకునే ఎనిమిది నిమిషాలు, పాప క్లాసు అయ్యేదాకా బయట కూర్చునే పావుగంట, ఇద్దరూ పడుకున్నాక మీ కళ్లు మూతపడేలోపు కాసేపు. కూడితే తక్కువేం కాదు. అయినా పని ముందుకెళ్లట్లేదంటే కారణం మీరు ఎంచుకున్న డిజైన్.

జడల డిజైన్‌లో ఎనిమిదో వరసకో పదో వరసకో కుట్లు ఒకదాని మీంచి ఒకటి దాటించాలి. మధ్యలో లేచి మర్నాడు వస్తే ఎన్నో వరసలో ఉన్నారో లెక్కపెట్టుకోవాలి, చార్టులో ఆ గడి వెతకాలి, ఇంతలో బాబు లేస్తాడు. దొరికిన పది నిమిషాల్లో సగం ఎక్కడున్నామో తెలుసుకోవడానికే ఖర్చయితే అల్లినట్టు ఎలా ఉంటుంది? అలసట మిగులుతుంది, అల్లిన తృప్తి మాత్రం రాదు. అందుకే చిన్నపిల్లల తల్లులు ఏ డిజైన్ చూపించినా నేను ఒక్కటే అడుగుతాను. వరస మధ్యలో సూదులు వదిలేసి పరుగెత్తి, రెండ్రోజుల తర్వాత మళ్లీ చేతిలోకి తీసుకుంటే, చూడగానే ఎక్కడున్నారో తెలుస్తుందా? తెలిస్తే అది ఇప్పటి పని. తెలియకపోతే ఎంత అందమైనదైనా తర్వాతి పని.

ఈ పరీక్షలో నెగ్గేవి మీరనుకున్నదానికంటే ఎక్కువే. అన్ని వరసలూ నిట్ అనే మామూలు కుట్టే వేసే గార్టర్‌లో గుర్తుపెట్టుకోవడానికే ఏమీ లేదు. రెండు నిట్, రెండు పర్ల్ (నిట్‌కి తిరగేసిన కుట్టు) వేసే రిబ్బింగ్‌లో, అంటే నిలువు చారల సాగే అల్లికలో, అల్లిక తనే చెప్తుంది: ఎదురుగా వి ఆకారం కనిపిస్తే నిట్, అడ్డంగా ముడిలాంటిది కనిపిస్తే పర్ల్. గుండ్రంగా తిప్పుకుంటూ అల్లే టోపీలో అయితే పర్ల్ కూడా అక్కర్లేదు, అన్నీ నిట్టే. ముత్యాల కుట్టు కూడా కంటితో చదువుకోవచ్చు, వి మీద పర్ల్, ముడి మీద నిట్. రెండు వైపులా డిజైన్ నడిచే లేసు, నాలుగైదు రంగుల ఉండలు వేలాడే బొమ్మల స్వెట్టర్లు మాత్రం పక్కన పెట్టండి.

వరస మధ్యలో వదిలేసిన పని మళ్లీ తీసినప్పుడు చాలామంది తడబడేది ఒక్క చోటే. రెండు సూదుల మీదా కుట్లు ఉంటాయి, ఎటు వెళ్లాలో తెలియదు. ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది చివరి కుట్టుకి తగిలి ఉందో చూడండి. ఆ సూది కుడిచేతిలోకి రావాలి. తిరగేసి పట్టుకుంటే వచ్చిన దారినే వెనక్కి అల్లుకుపోతారు, ఆ మలుపు దగ్గర చిన్న చిల్లు పడుతుంది, ఒక పక్క రెండు వరసలు ఎక్కువై గుడ్డ వంకర తిరుగుతుంది. ఎడమచేత్తో అల్లేవాళ్లకి ఇదంతా అటుదిటు.

మీ స్వెట్టర్ విప్పేయమని నేనేం అనను. కుట్లన్నిటినీ వేరే రంగు దారం మీదకి ఎక్కించి, సూది ఖాళీ చేసుకోండి. ఒక చీటీ మీద సూది సైజు, ఎన్నో వరస, డిజైన్ ఎక్కడుంది అన్నీ రాసి దాంతోపాటే మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి, అది ఊలైతే పురుగు భయం ఉంది. సూది సైజు మాత్రం తప్పకుండా రాయండి. 3.75 మిల్లీమీటర్లకీ 4 మిల్లీమీటర్లకీ తేడా కంటికి తెలియదు, గుడ్డలో తెలుస్తుంది.

సూదుల విషయంలో కాస్త పట్టుదలగా చెప్తాను. పొడవాటి జంట సూదులు అటక మీద పడేసి, మధ్యలో తీగ ఉండే సర్క్యులర్ సూదులకి మారండి. గుండ్రంగా అల్లేటప్పుడే వాడాలని లేదు, మామూలుగా అటూ ఇటూ తిప్పి అల్లడానికీ అవే హాయి. లేవాల్సి వస్తే కుట్లన్నీ తీగ మీదకి తోసేస్తే జారవు. సూది ఒకటి సోఫా కిందకి పోయి, రెండోది చేతిలో మిగిలే గోల ఉండదు. మోచేతులు పక్కనున్న పిల్లకి తగలవు. బరువంతా ఒళ్లో ఉంటుంది కాబట్టి మణికట్టు మీద భారం కూడా తక్కువ. వెదురువైతే ఇంకా మంచిది, కుట్లు వాటి మీద నిలుస్తాయి, బాబు నిద్రపోతుంటే టిక్కుటిక్కుమనవు. ఒక్కటి చూసుకోండి: 40 సెంటీమీటర్ల సర్క్యులర్ మీద అప్పుడే పుట్టిన పాపాయి టోపీ పట్టదు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లే కాబట్టి కుట్లు సాగిపోతాయి. 80 గానీ అంతకంటే పొడవు గానీ తీసుకుని, మిగిలిన తీగని మధ్యలోంచి ఉచ్చులా బయటికి లాగి అల్లితే ఒకే సూది అన్నిటికీ సరిపోతుంది.

బాబు పాకుతున్నాడు కాబట్టి కుర్చీకి తగిలించిన సంచి పనికిరాదు. వాడికి కనిపించేది కింద వేలాడే దారం. లాగితే సూదులతో సహా అంతా నెత్తిన పడుతుంది. గట్టి డబ్బా, గట్టి మూత, మీ భుజం కంటే ఎత్తున అల్మరా. ప్రతిసారీ అక్కడికే. సూది మొనలకి పెట్టే రబ్బరు మూతలు, కుట్లు గుర్తుపెట్టుకునే ప్లాస్టిక్ రింగులు, గుండీలు అన్నీ నోట్లో పెట్టుకునే సైజే. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 3.17 సెంటీమీటర్లు. అందులో పట్టే ప్రతిదాన్నీ మింగే ప్రమాదం ఉన్నట్టే లెక్కేస్తారు. మీ అల్లిక డబ్బాలో ముప్పాతిక వంతు సామాను అందులో పడుతుంది. ప్లాస్టిక్ రింగుల బదులు వేరే రంగు ఊలు ముక్కని ముడేసి వాడండి, పని అదే అవుతుంది. బాబు ఒళ్లో ఉండగా, ఎద మీద నిద్రపోతుండగా మాత్రం అల్లొద్దు. పిల్లాడు తల ఎప్పుడు తిప్పుతాడో ఎవరికీ తెలియదు, సూది మొన వాడి కంటి ఎత్తులోనే ఉంటుంది.

ఇంత చేసినా వాడు ఒకరోజు పట్టుకుని లాగుతాడు. దానికీ ఒక ఏర్పాటుంది. పది పన్నెండు వరసలకోసారి, మొద్దు మొన ఉన్న పెద్ద కుట్టుసూదితో నున్నటి సన్నదారాన్ని ఆ వరసలోని కుట్లన్నిటిలోంచి దూర్చి వదిలేయండి. పైనదంతా ఊడిపోయినా ఆ దారం దగ్గర ఆగుతుంది. కుట్లు ఏరుకోవాల్సిన పని లేకుండా దారం వెంట సూది పెట్టేసుకోవచ్చు. రెండు నిమిషాల పని, ఎన్ని సాయంత్రాలు కాపాడుతుందో చెప్పలేను.

ఇక పిల్లలకి ఏం అల్లాలి. మొదటి ఏడాదిలో పిల్లలు పొడవు దాదాపు 50 సెంటీమీటర్ల నుంచి 75కి వస్తారు, బరువు మూడింతలవుతుంది. ఇప్పటి కొలతకి మీ వేగంతో అల్లింది పూర్తయ్యేసరికి పట్టదు. ఎప్పుడూ ఆరునెలల తర్వాతి సైజు, ఆరునెలల తర్వాతి వాతావరణం చూసి మొదలుపెట్టండి. బాబుకి ఏడాది నిండేసరికి ఛాతీ 46 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. వదులుతో కలిపి 54, 56 అల్లితే రెండో ఏడు కూడా వేసుకుంటాడు.

పిల్లల ఒంటికి సంబంధించి అల్లేవాళ్లు మర్చిపోయేది తల. ఏడాది పిల్లాడి తల చుట్టుకొలత 46, అంటే ఛాతీతో సమానం. పెద్దల స్వెట్టర్లకి ఎలిజబెత్ జిమ్మర్మన్ అనే అల్లికల మహాతల్లి (1910–1999) ఒక లెక్క చెప్పింది. ఒంటి చుట్టూ ఉన్న కుట్లు నూరైతే, మణికట్టు దగ్గర ఇరవై, మెడ దగ్గర నలభై. ఆవిడా ముగ్గురు పిల్లల తల్లే. ఆ లెక్క పెద్దలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చంటివాడికి అలాగే వేస్తే 56 సెంటీమీటర్ల స్వెట్టర్‌కి మెడ 22 వస్తుంది, దాంట్లోంచి 46 తల దూరాలి. తలకి తొడిగేటప్పుడు పిల్లలు గుక్కపట్టి ఏడవడం చూసి ఊలు గుచ్చుకుంటోందని అనుకుంటారు గానీ, చాలాసార్లు అది మెడ బిగుతు. అందుకని ఈ వయసుకి ముందు తెరుచుకునే కార్డిగన్ గానీ, భుజం మీద గుండీలున్నది గానీ అల్లండి. తలమీంచి వేసేదే కావాలంటే మెడకి కుట్లు ఎక్కువ పెట్టి, అంచు రెండు సైజుల పెద్ద సూదితో ముగించండి.

మెడ దగ్గర మొదలుపెట్టి కిందకి అల్లే పద్ధతి ఈ వయసుకి అన్నిటికంటే నచ్చుతుంది నాకు. పిల్లలు పొడవు పెరిగినంత వేగంగా వెడల్పు పెరగరు. ఏడాది తర్వాత అంచు విప్పి చేతులూ నడుమూ నాలుగేసి సెంటీమీటర్లు పెంచుకోవచ్చు. దానికి ఊలు అదే డై లాట్‌ది, అంటే ఒకే విడతలో రంగు వేసినది, ఒక ఉండ దాచాలి. లేబుల్ కూడా ఉండతోనే ఉంచండి. ముక్కలు కలిపి కుట్టే పని కూడా ఉండదు, అదే చాలామంది స్వెట్టర్లని అల్మరాలో పడేయించేది.

శాంపిల్ ముక్క అల్లి కొలుచుకోవాలని పుస్తకాలన్నీ చెప్తాయి. మీరున్న పరిస్థితిలో దాన్ని ముందు టోపీతో సరిపెట్టుకోండి. డీకే అనే మధ్యరకం లావు ఊలుకి 4 మిల్లీమీటర్ల సూది మీద 10 సెంటీమీటర్లకి 22 కుట్లు రావడం మామూలు. మీకు 20 వస్తే 56 అనుకున్న స్వెట్టర్ 61, 62 అవుతుంది. పెద్దవాళ్లకైతే అది నష్టం, పిల్లాడైతే ఆరునెలల్లో దాంట్లోకి ఎదుగుతాడు. బిగుతుగా వస్తేనే టెన్షన్ పడాలి.

ఊలు ఎంచేటప్పుడు చెయ్యి మాట నమ్మొద్దు, అరచేతి చర్మం మొరటు. మెడకి రాసి చూడండి. పోగు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే లావైతే దాని కొనలు ఒంటికి గుచ్చుకుంటాయి, సన్న మెరినో 18 నుంచి 22 మధ్యలో ఉంటుంది కాబట్టి గుచ్చుకోదు. మామూలు ఉన్ని పోగు మీద సన్నటి పొలుసులుంటాయి. వేడి నీళ్లు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదానికొకటి పెనవేసుకుని స్వెట్టర్ బొమ్మకి సరిపోయేంత అవుతుంది. రోజూ ఉతకాల్సిన బట్టకి సూపర్‌వాష్ అని లేబుల్ మీద ఉన్నదే తీసుకోండి, అంటే ఉతికినా అలా పెనవేసుకోకుండా తయారుచేసిన ఊలు. అక్రిలిక్ ఉతుకులకి ఆగుతుంది, కానీ వేడి ఇస్త్రీ తగిలితే ప్రాణం పోయి వేలాడుతుంది, నిప్పు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. కాటన్ చల్లగా ఉంటుంది గానీ సాగి కిందకి జారుతుంది, రిబ్బింగ్ కూడా త్వరగా వదులైపోతుంది. నూగు ఎక్కువున్న అంగోరా, మొహేర్ నోట్లోకి వెళ్తాయి, ఇప్పుడొద్దు.

ఒక జాగ్రత్త ఉంది, అల్లే తల్లులకి కూడా చాలామందికి తెలియదు. చంటిపిల్లల సాక్సులు, చేతి తొడుగుల లోపల దారం కొసలు, రంగు మార్చినప్పుడు వెనక పొడవుగా సాగే పోగులు వదిలేయకూడదు. ఆ పోగు వేలి చుట్టూ చుట్టుకుని బిగుసుకుంటే రక్తం ఆగుతుంది. పిల్లాడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలియదు, సాక్సు విప్పితే తప్ప కనిపించదు. తొడిగే ప్రతిసారీ తిరగేసి చూడండి. వేలు ఎర్రగా ఉబ్బి చుట్టూ గాడి కనిపిస్తే, పోగు దొరక్కపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మెడ దగ్గర తాళ్లు, టోపీకి గడ్డం కింద ముడి వద్దు. ఏడాదిలోపు పిల్లలు పడుకునే మంచంలో వదులు దుప్పటి ఉండకూడదు, నిద్రలో తలకి టోపీ కూడా వద్దు, ఒళ్లు వేడెక్కుతుంది. మీరు అల్లే దుప్పటి వాడు మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరచడానికి.

మీ చేతుల సంగతి మీరు అడగలేదు, నేనే అడుగుతున్నాను. బొటనవేలి వైపు మణికట్టు నొప్పిగా ఉందా? బొటనవేలిని పిడికిట్లో మూసి, చెయ్యి చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినట్టుంటే అది డి కెర్వేన్ అనే స్నాయువు వాపు కావచ్చు. 1895లో స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వేన్ వివరించిన జబ్బు, పసిపిల్లల తల్లుల్లో ఎక్కువ. చంకల కింద బొటనవేళ్లు పెట్టి బిడ్డని ఎత్తడం దీనికి పెద్ద కారణం, అల్లిక దాన్ని ఇంకా రేపుతుంది. పిరుదుల కింద అరచెయ్యి పెట్టి ఎత్తండి, నొప్పి ఉన్నన్నాళ్లు సూదులు ముట్టకండి, తగ్గకపోతే చూపించుకోండి. నొప్పి లేకపోయినా ఇరవై నిమిషాలకోసారి చేతులు దించండి. అదృష్టం కొద్దీ, మీ బాబు అంతకంటే ఎక్కువసేపు కూర్చోనివ్వడు.

గాలికొదిలేశానేమో అన్న మాటకి వస్తాను. చార్టు చూస్తూ అల్లితే కళ్లు కాగితం మీద ఉంటాయి, పాప మూడుసార్లు పిలిస్తే తప్ప వినపడదు. ఆ చిరాకు మీదీ దానిదీ కూడా. గార్టర్ అల్లేటప్పుడు కళ్లు పిల్లల మీదే ఉంటాయి, చేతులు మాత్రమే పనిలో ఉంటాయి. పాప ఏదో చూపించడానికి వస్తే "ఒక్క వరస" అనకుండా అక్కడికక్కడ వదిలేయడానికే కదా ఇంతసేపూ డిజైన్ మార్చుకోమని చెప్పింది. పిల్లలు నీళ్లలో ఆడుతుంటే మాత్రం చేతిలో ఏమీ ఉండకూడదు, ఫోను కూడా. "కొంటే దొరికేదానికి ఇంత కష్టం ఎందుకు" అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లతో ఖర్చు లెక్కలు వాదించకండి, ఓడిపోతారు. మంచి ఊలు కొన్న స్వెట్టర్ కంటే ఎక్కువే పడుతుంది. నాకిష్టం అని చెప్పి ఊరుకోండి, అది అబద్ధం కాదు కదా.

పాపకి ఇప్పుడే నేర్పొచ్చు, సూదులు లేకుండా. నాలుగు వేళ్లకి ఊలు చుట్టి, కింది ఉచ్చుని పైదాని మీంచి దాటిస్తూ పోతే పొడవాటి తాడు వస్తుంది, ఐదేళ్ల పిల్లలు దీన్ని వదలరు. వేళ్లు నీలిరంగుకి మారేంత బిగించకుండా, ఆ తాడు మెడకి చుట్టుకోకుండా పక్కనుండండి. ఆరేడేళ్లకి 5, 6 మిల్లీమీటర్ల పొట్టి వెదురు సూదులు, లేతరంగు లావు ఊలు ఇవ్వండి. ముదురు రంగులో కుట్లు కనిపించవు. పన్నెండు కుట్లతో మొదలుపెడితే కాసేపటికి పాప "అమ్మా, ఇది వెడల్పవుతోంది" అంటుంది. మొదటి పిల్లలందరి గుడ్డా అలాగే వెడల్పవుతుంది. వరస తిప్పినప్పుడు దారం సూది మీంచి వెనక్కి వెళ్తే అంచు కుట్టు పైకి లేచి, ఒక్కటే రెండు కాళ్లతో రెండు కుట్లలా కనిపిస్తుంది. పిల్ల రెండిట్లోనూ సూది దూరుస్తుంది. వరస మొదట్లో దారాన్ని సూది కిందగా వెనక్కి పంపి కాస్త కిందకి లాగమనండి, మళ్లీ ఒక్కటే కనిపిస్తుంది. అప్పటిదాకా పెరిగిన కుట్లని మాత్రం పాప పడుకున్నాక మీరు విప్పి సరిచేయకండి. ఆ వెడల్పు ముక్కని తను ఎంచుకున్న బొమ్మకి శాలువాగా కప్పనివ్వండి. రెండోది ఎలా అల్లాలో తనే అడుగుతుంది.